మోల్దాలి గుర్రాన్ని దిద్దిన మాస్టారు

ఇషెనాలి అగాయ్, అంటే మా బడి డ్రాయింగు మాస్టారు, పోయి రెండు చలికాలాలయింది. నలభయ్యో రోజు భోజనాలకి తాష్-బులాక్ ఊరంతా వచ్చింది. ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకున్నవాళ్లు, నేర్చుకోకుండా తప్పించుకున్నవాళ్లు, వాళ్ల పిల్లలు, అందరూ కూర్చుని మాంసం తిని ఆయన గురించి నాలుగు మంచిమాటలు చెప్పారు. ఓర్పున్న మనిషన్నారు. పిల్లల మీద ఎన్నడూ చెయ్యెత్తలేదన్నారు. ముప్ఫయి తొమ్మిదేళ్లు ఒకే బడిలో, ఒకే గదిలో డ్రాయింగు చెప్పాడన్నారు. నేనూ లేచి మాట్లాడాను. కానీ అసలు చెప్పాల్సింది చెప్పలేదు. అందులో నా వేలు కూడా ఉంది మరి. అంతమంది ముందు, చేతిలో ఎముక పట్టుకుని, ముప్ఫయ్యేళ్ల కిందటి తెలివితక్కువతనం ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఇప్పుడు కాగితం మీద ఒప్పుకుంటున్నాను. కాగితం నవ్వదు.

అగాయ్‌కి అమ్మానాన్నలెవరో తెలియదు. యుద్ధం రోజుల్లో రైల్వే స్టేషన్‌లో దొరికిన పిల్లాడు. రాజధానిలోని అనాథల ఇంట్లో పెరిగాడు. ఇషెనాలి అన్న పేరు అక్కడి వంటావిడ పెట్టిందట. ఏ ఊరివాడో, ఏ వంశం వాడో ఎవరూ చెప్పలేకపోయారు. మా వైపు ఏడు తరాల తాతల పేర్లు గడగడా చెప్పలేనివాణ్ణి మనిషిగా లెక్కపెట్టడం కష్టం. ఆయన నవ్వుతూ "నా ఏడు తరాలూ ఆ వంటావిడే" అనేవాడు.

బొమ్మలు మాత్రం అద్భుతంగా వేసేవాడు. పట్నంలో బొమ్మల చదువు చదివాడు. అక్కడ గుర్రాన్ని ప్లాస్టర్ బొమ్మ చూసి నేర్చుకున్నారు. ఏ కండరం పేరేమిటో, ఏ ఎముక ఎక్కడ అతుక్కుంటుందో ఆయనకి కంఠతా వచ్చు. డెబ్భై ఒకటిలో మా ఊరికి ఉద్యోగానికి వచ్చిన రోజున తీసుకురావడానికి ఒక గుర్రాన్ని పంపితే, ఎక్కిన వైపు నుంచి కాకుండా రెండో వైపు నుంచి దిగాడు. దిగాడు అనడం మర్యాద. ఆ తర్వాత జీవితమంతా కాలినడకన, లేదంటే గాడిద మీద. నడక రాకముందే జీను మీద కూర్చునే పిల్లలున్న ఊళ్లో ఇది చిన్న సంగతి కాదు. "గాడిద అగాయ్" అని చాటుగా అనేవారు. ఆయనకి తెలుసు. పెద్దగా పట్టించుకోలేదు.

ఆయన పాఠం చెప్పే పద్ధతి ఒకటుండేది. పిల్లలు గీస్తూంటే వరసల మధ్య తిరిగేవాడు. ఎవరి దగ్గరో ఆగేవాడు. "కొంచెం జరుగు తల్లీ" అని ఆ పిల్ల చోట్లో కూర్చుని, ఆ పిల్ల పెన్సిలే తీసుకుని, మూడు గీతల్లో బొమ్మని నిలబెట్టేసేవాడు. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. తల్లులైతే ఆ బొమ్మల్ని పటాలు కట్టించుకునేవాళ్లు. మా ఆడపడుచు గీసిన యాపిల్ మా గోడ మీద, పక్కింటివాళ్ల అబ్బాయి గీసిన యాపిల్ వాళ్ల గోడ మీద ఉండేవి. రెండూ ఒకే చెట్టువి, ఒకే కొమ్మవి, ఒకే చేతివి. మాకెవరికీ అది తప్పుగా అనిపించలేదు. మంచి మాస్టారంటే అదే అనుకున్నాం.

ఇక నా సంగతి. నేను లెక్కల టీచర్ని. పేరు పెరిజాత్. టోక్‌మోక్ పట్నంలో పుట్టి, ఎనభై ఏడులో ఈ ఊరి కోడలినై వచ్చాను. అంతకుముందు గుర్రాన్ని దగ్గరగా చూసింది పళ్లెంలో, మాంసంగానే. నా తరగతి గదికీ అగాయ్ గదికీ మధ్య ఒక్క గోడ. సుద్దముక్కలు, చెక్క వృత్తలేఖిని, అభిప్రాయాలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లం. అభిప్రాయాలు ఎక్కువగా నేనే ఇచ్చేదాన్ని.

ఎనభై తొమ్మిదిలో, మంచు ఇంకా కరగని రోజుల్లో, రాజధాని నుంచి ఒక ప్రకటన వచ్చింది. బడిపిల్లల బొమ్మల పోటీ. మొదటి బహుమతి వచ్చిన పిల్లకో పిల్లాడికో రాజధానిలోని కళల బడిలో సీటు, ఉండడానికి హాస్టలు. మా లోయ నుంచి ఎవరికీ అంతకుముందు అలాంటి అదృష్టం పట్టలేదు. అగాయ్ వారం రోజులు పిల్లలందరి చేతా గీయించాడు. అందులో కనిషాయ్ బొమ్మ ఉంది.

కనిషాయ్‌కి అప్పుడు పదకొండేళ్లు. గుర్రాల కాపరి మోల్దాలి కూతురు. బడి ఉన్నన్నాళ్లూ ఊళ్లో అవ్వ దగ్గర ఉండి, వేసవి రాగానే కొండమీది మేతకి తండ్రి దగ్గరికి వెళ్లిపోయేది. ఎక్కువ మాట్లాడే పిల్ల కాదు. లెక్కల్లో కూడా జవాబు రాసేది కానీ ఎలా వచ్చిందో చెప్పేది కాదు. ఆ పిల్ల తండ్రి గుర్రాన్ని గీసింది. మోల్దాలి బూడిదరంగు జోర్గో అంటే లోయంతా తెలుసు. రెండేళ్లు వరసగా వేసవి పందెం గెలిచింది.

నేను వృత్తలేఖిని కోసం వెళ్లేసరికి అగాయ్ ఆ కాగితాన్ని చేతులు చాచి పట్టుకుని చూస్తున్నాడు. కనిషాయ్ పక్కన నిలబడి ఉంది.

"చెల్లీ, ఇలా రా. మెడ చూడు, ఈ మెడ! ఇది ఎవరూ నేర్పిన మెడ కాదు" అన్నాడు.

చూశాను. మెడ సంగతి నాకేం తెలుసు? నా కళ్లు కాళ్ల మీద పడ్డాయి. ముందూ వెనకా ఎడమ కాళ్లు రెండూ ఒకేసారి ముందుకి లేచి ఉన్నాయి.

"అగాయ్, ఇది పడిపోతుంది కదా" అన్నాను.

"ఏంటి?"

"ఒకే వైపు రెండు కాళ్లూ ఎత్తేసింది. బల్లకి ఒక పక్క రెండు కాళ్లూ విరగ్గొట్టండి, నిలబడుతుందా? మూలకి మూల ఉండాలి. ఇది లెక్క."

ఆయన ముఖంలో అనుమానం కనబడింది. "నాకూ అదే తేడాగా ఉందనుకున్నా. పోటీలో పెద్ద పెద్ద వాళ్లుంటారు. మొదట కాళ్లే చూస్తారు" అన్నాడు. ఆ ప్లాస్టర్ గుర్రం గుర్తొచ్చి ఉంటుంది. "కొంచెం జరుగు తల్లీ" అన్నాడు.

కనిషాయ్ జరగలేదు. "అగాయ్, అది మా జోర్గో" అంది.

"తెలుసమ్మా. జోర్గో అయినా కాళ్లు నాలుగే కదా" అని నవ్వి, రబ్బరు తీసుకుని కూర్చున్నాడు. నేనూ నవ్వాను. పది నిమిషాల్లో గుర్రం కుడి ముందుకాలూ ఎడమ వెనకకాలూ ఎత్తి, ప్లాస్టర్‌లో పోసినట్టు అందంగా పరుగెత్తుతోంది. నేను వృత్తలేఖిని తీసుకుని, ఒక మంచి పని చేసిన తృప్తితో వెళ్లిపోయాను.

బొమ్మకి మొదటి బహుమతి వచ్చింది.

బడి అంతా ఊగిపోయింది. ప్రశంసాపత్రం వచ్చింది, నీటిరంగుల పెట్టె వచ్చింది, సెప్టెంబరులో హాస్టలుకి రమ్మని ఉత్తరం వచ్చింది. బొమ్మని అద్దం బిగించి తిరిగి పంపారు. మే నెలాఖరున, కాపర్లు మేతకి బయల్దేరే ముందు, ఊరి క్లబ్బులో దాన్ని గోడకి కొట్టి సభ పెట్టారు. సభలో చదవాల్సిన అభినందన నేనే రాశాను. అందులో "ప్రాణమున్న గుర్రం" అని ఒక ముక్క కూడా ఉంది.

మోల్దాలి గడ్డం గీసుకుని, కొత్త తెల్ల ఉన్ని టోపీ పెట్టుకుని వచ్చాడు. జనం దారిచ్చారు. ఆయన బొమ్మ ముందు నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు. క్లబ్బంతా ఎదురుచూసింది. ఆయన వెనకాల బెయ్‌షె తాత ముక్కు మీద కళ్లజోడు సర్దుకుని ముందుకి వంగాడు.

"మోల్దాలీ, జోర్గోని ఎప్పుడమ్మేశావురా? మాతో ఒక్క మాట చెప్పలా!"

ఎవరో కిసుక్కుమన్నారు.

"అమ్మలేదు తాతా, మార్చుకున్నాడు" అంది ఇంకో గొంతు. "ఇది పట్నం గుర్రం. చూడు, ఎలా ఎగిరెగిరి పడుతోందో."

"దీనిమీద కుమిజ్ పాలగిన్నె పట్టుకుని కూర్చుంటే ఊరు చేరేలోగా వెన్నొచ్చేస్తుంది!"

ఇక నవ్వు ఆగలేదు. పక్కనున్న మా అత్తగారు కూడా నోటికి తలగుడ్డ కొంగు అడ్డం పెట్టుకుంది. "ఎందుకు నవ్వుతున్నారత్తయ్యా?" అన్నాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"కోడలా, జోర్గో ఎలా నడుస్తుందో తెలీదా నీకు?" అని, నలుగురి మధ్యా వంగి, ఎడమ చెయ్యీ ఎడమ కాలూ కలిపి ముందుకి వేసి, తర్వాత కుడి చెయ్యీ కుడి కాలూ వేసి, ఒయ్యారంగా ఊగుతూ రెండడుగులు నడిచి చూపించింది. "ఒకవైపువి రెండూ ఒకేసారి. పడవలా పోద్ది. అందుకే గదా జోర్గో అంటారు! మూలకి మూల వేసేది మామూలు గుర్రం. పిల్లకి సొంత గుర్రం నడకే తెలీలేదే, పాపం."

చేతిలోని అభినందన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టేశాను. అగాయ్ వైపు చూశాను. ఆయన ఇంకా అర్థంకాక, అందరితోపాటు నవ్వాలో వద్దో తెలియని ముఖంతో నిలబడి ఉన్నాడు.

మోల్దాలి నవ్వలేదు. కూతురి వైపు తిరిగాడు. "ఇది మన గుర్రమేనా?" అన్నాడు.

కనిషాయ్ అగాయ్ వైపు ఒక్కసారి చూసింది. మళ్లీ నేల చూసింది.

"మనదే. నేనే తప్పు గీశా నాన్నా."

"దాని తల్లి పాలు తాగి పెరిగావు నువ్వు. మూడో ఏట నుంచి దాని మీద తిరుగుతున్నావు" అన్నాడు మోల్దాలి, చాలా మెల్లిగా. అరిస్తే బాగుండునని మాకందరికీ అనిపించింది. "సొంత గుర్రాన్ని చూడలేని కళ్లు పట్నంలో ఏం చూస్తాయి? సెప్టెంబర్లో ఎక్కడికీ పోవద్దు నువ్వు."

బడి మూసేందుకు ఇంకా మూడు రోజులుండగానే కూతుర్ని జీను ముందు కూర్చోబెట్టుకుని కొండమీదికి వెళ్లిపోయాడు. నేను రాసిన అభినందన ఎవరూ చదవలేదు.

సభ జరిగిన రోజు సాయంత్రమే అగాయ్ గదికి వెళ్లి, మా అత్తగారు చూపించినట్టే చూపించాను. ఆవిడంత ఒయ్యారంగా రాలేదు కానీ సంగతి తెలిసింది. ఆయన గబగబా క్లబ్బుకి వెళ్లి బొమ్మ తీసుకొచ్చాడు. అద్దం విప్పి, కాగితాన్ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకున్నాడు. రబ్బరు పెన్సిలు మసిని తీసేస్తుంది కానీ పిల్లలు నొక్కి గీసిన గాడిని తీయలేదు. ఆయన గీసిన కాళ్ల కింద, వెలుగు పడ్డచోట, ఇంకో నాలుగు కాళ్లు తేలాయి. ఎడమవి రెండూ ఒకేసారి ముందుకి వెళ్తున్నాయి. గిట్ట పైన కీలు ఎంత వంగాలో అంతే వంగి ఉంది.

నేను మాట్లాడకుండా ఉండలేను కదా.

"అగాయ్, పోన్లెండి. ఎవరికీ తెలీదు. మోల్దాలి కోపం నాలుగు రోజుల్లో తగ్గుతుంది, అప్పుడు అందరం వెళ్లి చెప్దాం, పిల్లని పంపుతాడు. ఇప్పుడు మీరు దిద్దారని బయటపడితే బహుమతే పోతుంది. సీటూ పోతుంది."

"పద్దెనిమిదేళ్లు" అన్నాడు ఆయన. నాతో కాదు. "పద్దెనిమిదేళ్లుగా ఎన్ని చెరిపానో!"

వారం తర్వాత ఇద్దరం కొండమీదికి వెళ్లాం. నాకెందుకు వెళ్లాలనిపించిందో మీకు తెలుసు. వంతెన దాకా పాల లారీలో, అక్కణ్నుంచి నడక. గాడిద మీద రొట్టెలు, బొమ్మ చుట్ట. కొండమీది మేతకి నడిచొచ్చే మనిషి ఉండడు. గుర్రం చచ్చినవాడో, చెడ్డ కబురు తెచ్చినవాడో అయ్యుండాలి. దూరం నుంచి మమ్మల్ని చూసి మోల్దాలి భార్య చేతిలో చెంబు పారేసి పరుగెత్తుకొచ్చింది.

"ఎవరికేమైంది? గుర్రాలేవి?"

"ఎవరికీ ఏం కాలేదు తల్లీ. నాకు గుర్రం ఎక్కడం రాదు" అన్నాడు అగాయ్.

"మరి ఎజె?" అంది నా వైపు తిరిగి. ఎజె అంటే అక్క.

"నాకూ రాదు" అన్నాను.

"చదువుకున్నోళ్లు" అని గొణుక్కుని, జాలిగా నా సంచీ అందుకుంది.

ఉన్ని గుడారంలో మమ్మల్ని పెద్దలు కూర్చునే పై చోట కూర్చోబెట్టారు. రొట్టె విరిచారు. టీ, మీగడ, పులిసిన గుర్రప్పాల కుమిజ్, తర్వాత మాంసం. మోల్దాలి మర్యాదలో ఎక్కడా లోటు చేయలేదు, అదే భయంగా ఉంది. వచ్చిన పనేమిటని అడగలేదు. కనిషాయ్ తలుపు దగ్గర కూర్చుని ఉన్ని విడదీస్తోంది.

"మోల్దాలీ, ఆ బొమ్మ..." అన్నాడు అగాయ్.

"ముందు తినండి."

తిన్నాం. "మోల్దాలీ, నేను వచ్చింది..."

"టీ చల్లారిపోద్ది అగాయ్."

మూడోసారి అగాయ్ మాట్లాడలేదు. చుట్ట విప్పి, గుడారం పైకప్పు కన్నంలోంచి పడే వెలుగులో కాగితాన్ని వంచి పట్టుకున్నాడు.

"ఇది చూడు. పైనున్న కాళ్లు నావి. కింద గాడి పడ్డ ఈ కాళ్లు నీ కూతురివి. నేను చెరిపేశాను. అది నాకు చెప్పింది, మా జోర్గో అని. నేను వినలేదు."

మోల్దాలి చేతులు తుడుచుకుని కాగితం తీసుకున్నాడు. గుర్రం కాలి నరాన్ని తడిమి చూసినట్టు బొటనవేలితో ఆ గాడి వెంట నెమ్మదిగా తడిమాడు. ఒక కాలు. ఇంకో కాలు.

"ఇదీ మా గుర్రం" అన్నాడు. కూతురి వైపు చూశాడు. "మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదే?"

"అంతమందిలో అగాయ్‌ని ఎట్లా అంటా?" అంది కనిషాయ్, ఉన్ని మీంచి తలెత్తకుండా.

"నిజానికి నేనే..." అని మొదలుపెట్టాను.

"పెరిజాత్ నాకు తోడు వచ్చింది" అన్నాడు అగాయ్, నా మాట మీద. అంతటితో నేను టీ గిన్నెలోకి తలదూర్చాను. దూర్చడం సులువుగానే జరిగిపోయింది. ఆ సులువే ఇప్పటికీ గుచ్చుతుంది.

అగాయ్ కనిషాయ్ వైపు తిరిగి కూర్చున్నాడు.

"తల్లీ, ఇప్పుడు నేను పోటీవాళ్లకి ఉత్తరం రాస్తే బహుమతి వెనక్కి తీసుకుంటారు. సీటు ఇంకొకరికి ఇస్తారు. రాయకపోతే సెప్టెంబరులో నువ్వు పట్నం వెళ్లొచ్చు. బొమ్మ నీది. నువ్వు చెప్పు."

మోల్దాలి అడ్డొచ్చాడు. "పిల్లనడుగుతారేంటి అగాయ్? మాకు తెలిసింది, చాలు. మనసు కుదుటపడింది. సీటు దాంది, పోనివ్వండి. ఎవరు చూడొచ్చారు?"

"అవునగాయ్" అన్నాను నేను. ఈసారి నోరు బాగానే లేచింది.

కనిషాయ్ చేతిలోని ఉన్ని పోగుని వేలికి చుట్టుకుంది. "ఆ బడికెళ్తే, ఆ బొమ్మ నాదే అని చెప్పాలా?"

"చెప్పాలి."

"ఒక్కసారేనా?"

"ఎవరడిగితే వాళ్లకి."

ఆ పిల్ల ఉన్ని పోగుని విప్పింది. మళ్లీ చుట్టింది.

"అయితే రాసేయండి."

మోల్దాలి లేచి బయటికి వెళ్లిపోయాడు. గుర్రాల దగ్గర చాలాసేపు ఉన్నాడు. అతని భార్య మా గిన్నెల్లో టీ పోస్తూనే ఉంది, మేం తాగుతూనే ఉన్నాం.

పొద్దున్నే బయల్దేరబోతుంటే మోల్దాలి బూడిదరంగు గుర్రాన్ని జీను వేసి తెచ్చాడు. "ఎక్కండి" అన్నాడు. అడిగినట్టు లేదు. అగాయ్ నా వైపు చూశాడు, నేను కొండ వైపు చూశాను. మోల్దాలి ఆయన్ని పసిపిల్లాడిని ఎత్తినట్టు ఎత్తి కూర్చోబెట్టి, చేతిలో నిండు కుమిజ్ గిన్నె పెట్టి, పగ్గం తన గుర్రానికి తగిలించుకుని తీసుకెళ్లాడు. మొదట నడక. తర్వాత దాని నడక మారింది, ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసింది. ఎడమవి రెండు, కుడివి రెండు. గడ్డి మీద ఒక పడవ వెళ్తున్నట్టుగా అగాయ్ వీపు అటూ ఇటూ మెల్లగా ఊగింది, ఒక్కసారి కూడా ఎగరలేదు.

తిరిగొచ్చాక గిన్నె సగమే ఉంది. గుర్రం తప్పు కాదు, ఎక్కినవాడిది. ముఖం తడిగా ఉంది, కుమిజ్ చిందిందన్నాడు. మోల్దాలి నవ్వలేదు.

"తెలిసిందా అగాయ్?"

"తెలిసింది."

"ఉత్తరం రాయండి మరి."

రాశాడు. ఆగస్టులో జవాబొచ్చింది. బహుమతి రద్దు చేశారు. ప్రశంసాపత్రం, రంగులపెట్టె తిప్పి పంపమన్నారు. పెట్టెలో నీలం రంగు పిల్లలు ఎప్పుడో అరగదీసేశారు, మిగిలినవే పంపాం. సీటు ఇంకే ఊరి అబ్బాయికో వెళ్లింది. అగాయ్‌ని మందలిస్తూ జిల్లా విద్యాశాఖ నుంచి వచ్చిన కాగితాన్ని ఉపాధ్యాయుల సభలో చదివారు. సభ వివరాలు రాసే పని నాది. "ఉపాధ్యాయుడు విద్యార్థిని చిత్రాన్ని మార్చి..." అని రాస్తుంటే నా కలం ఆగింది. ఆ వాక్యంలో ఇంకో పేరుండాలి. పక్కన కూర్చున్న అగాయ్ నా కాగితంలోకి తొంగిచూసి, "గుండ్రంగా రాయి చెల్లీ, తర్వాత వచ్చేవాళ్లు చదువుకోవాలి" అన్నాడు. పేరు లేకుండానే ముగించాను.

ఆ తర్వాత ఆయన ఇరవై ఒక్క ఏళ్లు చెప్పిన పాఠం, అంతకుముందు చెప్పినదానికి ఏ పోలికా లేనిది. మీరు మా ఊళ్లో ఎవరింటికైనా వెళ్లండి. అంతకుముందు నాటి బొమ్మలన్నీ ముద్దొస్తాయి. తర్వాతివి చూస్తే భయమేస్తుంది. గొర్రెకి మనిషి ముఖం. కొండ కంటే పెద్ద అవ్వ. మా సొంత కొడుకు నన్ను గీశాడు, ముఖంలో సగం నోరే ఉంది. కానీ ఏ ఇంటి బొమ్మ ఆ ఇంటిదే, కళ్లు మూసుకుని కూడా చెప్పొచ్చు. ఆయన కోటుకి పెద్ద జేబులు కుట్టించుకుని, చేతులు రెండూ వాటిలో దాచుకుని తిరిగేవాడు. పిల్లల్ని అడిగేది ఒక్కటే, "నువ్వు చూశావా, విన్నావా?" అని. చూశానంటే ముందుకి నడిచేవాడు. విన్నానంటే, "అయితే వెళ్లి చూసిరా" అని పాఠం మధ్యలోనే బయటికి పంపేసేవాడు. తల్లులు నా దగ్గరికొచ్చి, "అగాయ్‌కి కళ్లు మందగించాయా ఎజె? పిల్లలవి ఒక్కటీ దిద్దడం లేదు" అని మొరపెట్టుకునేవాళ్లు. నేను లెక్కల టీచర్ని, నాకేం తెలుసనేదాన్ని. అది నేర్చుకోవడానికి నాకు చాలా ఖర్చయింది.

అయితే అదంతా తర్వాత సంగతి. ఆ సెప్టెంబరులో కనిషాయ్ కొండ దిగి మళ్లీ బడికొచ్చింది. డ్రాయింగు పీరియడులో కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. గంట కొట్టేదాకా కూర్చుంది. కాగితం తెల్లగా ఉంది. తర్వాతి వారం కూడా అంతే. మొండితనం కాదు, ఎవరి మీదా కోపం ఉన్నట్టూ లేదు. పెన్సిలు పట్టుకుంటుంది, కాగితం దాకా తెస్తుంది, దించేస్తుంది. అగాయ్ మాత్రం వారం వారం కొత్త కాగితం ఆ పిల్ల ముందు పెట్టేవాడు. అక్టోబరు అయింది, నవంబరు అయింది.

మా బడి డైరెక్టరమ్మ రిజిస్టరు పట్టుకుని వచ్చింది. "ఈ పిల్లకి మార్కుల గళ్లన్నీ ఖాళీగా ఉన్నాయేంటి? ఏమీ గీయకపోతే సున్నా వెయ్యండి."

"ఆ కాగితం పాడుచేసింది నేను. సున్నా నాకు వెయ్యండి" అన్నాడు అగాయ్.

"మాస్టార్లకి వేసే గడి లేదు ఇందులో."

"అందుకే ఖాళీగా ఉంచా."

ఆవిడకి కోపమొచ్చింది. కానీ రిజిస్టరు మాత్రం అక్కడే పెట్టి వెళ్లింది. కొత్త సంవత్సరం వచ్చింది. ఒకసారి నేనే ఉండబట్టలేక, "పిల్లతో ఒక మాట మాట్లాడండి అగాయ్. ధైర్యం చెప్పండి" అన్నాను. "నేను మాట్లాడితే మళ్లీ నా మాటే గీస్తుంది" అన్నాడు. ఆయన జుట్టు ఆ చలికాలంలోనే నెరిసింది.

ఫిబ్రవరిలో ఒక రోజు నాకు పీరియడు ఖాళీ. వృత్తలేఖిని కోసం అగాయ్ గది తలుపు కొంచెం తెరిచి ఆగిపోయాను. పిల్లలు తలలు వంచుకుని గీస్తున్నారు. తలుపు పక్క మూల బెంచీలో కనిషాయ్ చెయ్యి కదులుతోంది. తలుపు దగ్గర్నుంచి నాకు కాగితం కనిపిస్తోంది. గదిలో ఉన్న బొగ్గు పొయ్యిని గీస్తోంది. గుర్రాల్ని అంత బాగా గీసిన పిల్ల చేతిలోంచి వచ్చిన గీతలేనా అవి అనిపించింది. వణికిపోతున్నాయి. పొయ్యి కంటే పొయ్యి తలుపు పెద్దది. పొగగొట్టం ఒక పక్కకి ఒరిగిపోయింది.

అగాయ్ వరస వెంట వస్తున్నాడు. ఆ బెంచీ దగ్గర ఆగాడు. ఆయన కుడిచెయ్యి జేబులోంచి బయటికి వచ్చింది. వేళ్లు పెన్సిలు పట్టుకునేటట్టు దగ్గరికి చేరాయి. కనిషాయ్ చెయ్యి కూడా ఆగింది. తల ఎత్తలేదు, కానీ భుజాలు బిగుసుకున్నాయి, బెంచీ మీద కొంచెం పక్కకి జరగడానికి సిద్ధమైనట్టు.

ఆయన వెనక్కి తిరిగి, పిల్లలందరికీ వీపు పెట్టి కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు. రెండు అరచేతులూ గడ్డకట్టినంత చల్లటి అద్దానికి ఆనించి నిలబడ్డాడు. బయట మంచు తప్ప ఏమీ లేదు. వెనక పెన్సిలు మళ్లీ కదిలిన చప్పుడు. గంట కొట్టేదాకా ఆయన తిరగలేదు.

పిల్లలు బిలబిలా వెళ్లిపోయారు. కనిషాయ్ కాగితాన్ని చుట్టి, కోటు లోపల పెట్టుకుని నా పక్కనుంచే వెళ్లింది.

"అందరూ వెళ్లారా?" అన్నాడు అగాయ్, అద్దం వైపే చూస్తూ.

"వెళ్లారు."

"గీసిందా?"

"గీసింది."

"ఎలా ఉంది?"

గొట్టం ఒరిగిపోయిందనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే కొరికి పట్టుకుని పొయ్యి వైపు చూశాను. రెండేళ్లుగా రోజూ ఆ గదిలోకి వచ్చిపోతున్న నేను దాన్నొక్కసారీ చూడలేదు. గొట్టం నిజంగానే కిటికీ వైపు ఒరిగి ఉంది.